అన్నం వేళ నడిమక్షరం

ఏలూరు పురవాసులకూ, చుట్టుపక్కల గృహస్థులకూ సవినయంగా చేసుకుంటున్న మనవి. నాకు ఎవరితోనూ పేచీ లేదు. కరెంటు పోయినా, కుళాయి రాకపోయినా, దోమలు మంచంతో సహా ఎత్తుకుపోయినా నోరెత్తి ఎరగను. మధ్యాహ్నభోజనం జోలికొస్తే మాత్రం ఊరుకోలేను. ఇప్పుడొచ్చారు.

అమెరికాలో ఒక దినపత్రికవారు రోజుకో అక్షరాల ఆట పెడతారు. తేనెపట్టు గదుల్లా ఏడు గళ్లు, ఏడు ఇంగ్లీషు అక్షరాలు. వాటితో ఎన్ని మాటలు కట్టగలిగితే అన్ని కట్టాలి. మాటకి కనీసం నాలుగు అక్షరాలుండాలి. ఒకే అక్షరం ఎన్నిసార్లు వాడినా తప్పులేదు. నడిమి గడిలో ఉన్నది మాత్రం ప్రతి మాటలోనూ పడి తీరాలి. పెళ్లిలో మేనమామ లాంటిది, అది లేకపోతే మాట చెల్లదు.

ఆట మీద నాకు కోపం లేదు. కోపమల్లా అది వచ్చే వేళ మీద. న్యూయార్కులో తెల్లవారుజామున 3 గంటలకి కొత్త అక్షరాలు విడుదలవుతాయి. అంటే మనకి చలికాలంలో మధ్యాహ్నం 1:30, వాళ్లు గడియారాలు ముందుకు తిప్పుకునే కాలంలో 12:30. మార్చి నుంచి నవంబరు దాకా పన్నెండున్నరకే తినేసే అలవాటు నాది. ఆ తర్వాత కాస్త ఆలస్యమవుతుంది. ఏ కాలానికా కాలం సరిగ్గా నా కంచం ముందుకే వచ్చి వాలుతుంది ఆ నడిమక్షరం.

మొన్న మా ఆవిడ ముద్దపప్పు వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపేసింది. ఎడంచేతిలో ఫోను. పెదాలు మాత్రం కదులుతున్నాయి. గరిటె అంచున పప్పు ఒక్కో బొట్టూ జారి మంచినీళ్ల గ్లాసులో పడుతోంది. "ఏవోయ్" అన్నాను. "ఉండండి, ఏడక్షరాలూ పడే మాట నోట్లో ఆడుతోంది" అంది. నా నోట్లో ఏమీ ఆడడం లేదన్న సంగతి ఆ పత్రికవారికి ఎవరు చెప్పాలి?

తాడేపల్లిగూడెంలో మా మరదలు కూడా ఇదే వ్రతం పట్టింది. మార్కెట్లో ఉల్లిపాయలు ఎలా ఉన్నాయో కనుక్కుందామని ఫోను చేస్తే మా తోడల్లుడు గొంతు తగ్గించి, "అన్నయ్యగారూ, ధర సంగతి సాయంత్రం చెబుతాను. ఇక్కడింకా మూడు మాటలు మిగిలాయిట, గట్టిగా మాట్లాడొద్దంటున్నారు" అన్నాడు.

ఆదివారాలు అక్కాచెల్లెళ్లు కలిస్తే స్క్రాబుల్ బల్ల పరుస్తారు. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టి మరీ దీన్ని తయారుచేశాడు. ‘ఈ’ బిళ్లలు 12, ‘క్యూ’ ఒక్కటే. ఆ ఒక్కదానికి 10 పాయింట్లు. క్యూ వెనక యూ రావాలన్నది నేను బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న నియమం. యూ దొరక్కపోతే ఎలాగంటారా? దానికీ జాబితా ఉంది. మా బియ్యం డబ్బా మూతకి అంటించి ఉంది: క్యూ ఉండి యూ లేని మాటలు.

"క్యూ, ఐ. ఏమిటి దానర్థం?" అని అడిగాను.

"పదకొండు" అంది.

"క్యూ, ఏ, టీ?"

"పన్నెండు."

మొదటిది చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి, రెండోది యెమెన్‌లో నమిలే ఆకు. అవేవీ ఆవిడకి అక్కర్లేదు. న్యూజిలాండుకి చెందిన నైజెల్ రిచర్డ్స్ అనే ఆయన ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అంతే. ఇప్పుడు మా ఇంట్లో ఆయనే ఇష్టదైవం. ఇంకో అవమానం: మా కొట్టుగదిలో బస్తాలు కొరికే పందికొక్కు కూడా తెలుగులోంచి వెళ్లి ‘బేండికూట్’గా ఇంగ్లీషు నిఘంటువుకి ఎక్కిందిట. దానికి అక్కడా తిండి, ఇక్కడా తిండి.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. "మనవాళ్లకి లేని ఆటా ఇది? అవధానంలో న్యస్తాక్షరి వినలేదూ? ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలంటాడు పృచ్ఛకుడు. అది పడాలి, ఛందస్సు చెడకూడదు, పద్యానికి అర్థం ఉండాలి, కాగితం ముట్టకూడదు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రిగారిది ఎక్కడనుకున్నావ్? భీమవరం దగ్గర యండగండి! 1872లో అక్కడే పుట్టారు" అని ఉపన్యాసం ఇచ్చాను.

ఆవిడ శ్రద్ధగా విని, "నిషిద్ధాక్షరి కూడా ఉండాలి కదండీ?" అంది.

"లేకేం! కవి ఒక్కో అక్షరం చెబుతుంటే తరవాతిది ఫలానాది రాకూడదంటూ అడ్డుపడతారు."

"అయితే మనమూ ఆడదాం. ఈ పూట మీకు ‘ప’ నిషిద్ధం. గుణింతాలతో, ఒత్తులతో సహా."

అప్పటికి నవ్వాను. కంచం ముందు కూర్చున్నాక తెలిసింది. పప్పు లేదు, పులుసు లేదు, వేపుడు లేదు, పచ్చడి లేదు, అప్పడం లేదు, పెరుగు లేదు. ఆఖరికి ఉప్పు కూడా లేదు.

నేనేం తక్కువ తిన్నానా? ఆ మాటకొస్తే ఆ పూట ఏమీ తినలేదు కూడాను. ఆలోచించి, ఆలోచించి, "కొల్లేటి కొర్రమీను ఇగురు" అన్నాను. ఒక్కో అక్షరమూ వేళ్ల మీద లెక్కపెట్టి చూసింది. ‘ప’ ఎక్కడా లేదు.

"చెల్లుతుంది. ఇగురు కూడా ఉంది" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "కానీ అది పొయ్యి మీద ఉందండీ."

కాబట్టి సదరు పత్రికవారు తమ అక్షరాలను మనకి సాయంత్రం నాలుగయ్యాక విడుదల చేసేలా ఎవరైనా చొరవ తీసుకోవాలని కోరుతున్నాను. అప్పటికి నా భోజనం, కునుకు రెండూ అయిపోతాయి. రాత్రి వంట సంగతంటారా, దానికి వేరే అర్జీ పెట్టుకుంటాను.