రెండువేల గారు

విజయవాడ కానీ, గుంటూరు కానీ, హైదరాబాద్ కానీ, ఇళ్ల ప్లాన్లు గీసే ఏ ఆఫీసుకైనా వెళ్లండి. ఏసీ గాలి సరిగా తగలని మూల సీట్లో ఒకాయన ఉంటారు. యాభై దాటి ఉంటాయి. వెనకాల పిల్లలంతా ఆయన్ని ‘రెండువేల గారు’ అంటారు. జీతం అనుకునేరు, కాదు. ఆఫీసు గడప దాటే ప్రతి డ్రాయింగూ ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్‌లో సేవ్ అయి తీరాలన్నది ఆయన శాసనం. రెండువేల నోటు 2016లో వచ్చింది, 2023లో వెనక్కి పిలిపించుకున్నారు. ఈయన రెండువేలు మాత్రం ఇంకా చలామణిలోనే ఉంది.

ఫోన్ ఎవరు చేసినా ఆయన మొదటి మాట ఒకటే. “మీ దగ్గర ఏ వెర్షన్ ఉందండీ?”

“అన్నీ ఓపెన్ అవుతాయండీ మా దగ్గర.”

“అలాగే అంటారు లెండి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు.”

ఈ భయానికి పునాది ఒక స్లాబు. సెంట్రింగు అయిపోయింది, మిల్లరు వచ్చి నిలబడింది, కూలీలు తట్టలు పట్టుకుని ఉన్నారు. సైటు ఇంజినీరు కంప్యూటర్లో పెట్టిన ఫైలు మాత్రం తెరుచుకోలేదు. కొత్త వెర్షన్లో గీసిందట, పాతది చదవదట. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారంలోనే ఈ కథ వింటాడు. రెండో వారానికి వాడే ముగింపు అందిస్తాడు.

నిజానికి ఆయన బాధలో న్యాయం ఉంది. డ్రాయింగు ఫైలు లోపలి అమరిక 2000 తర్వాత 2004లో మారింది, 2007లో మారింది, 2010లో, 2013లో, 2018లో మారింది. కొత్త వెర్షన్ పాత ఫైలుని చదువుతుంది. పాత వెర్షన్ కొత్త ఫైలుని చూసి ముఖం తిప్పుకుంటుంది. “2018 తర్వాత 2025 దాకా అదే ఫార్మాట్ సార్, ఎవరూ ముట్టుకోలేదు” అని కుర్రాళ్లు ధైర్యం చెబితే ఆయన నమ్మరు. “ఇన్నేళ్లు ఊరుకున్నాడంటే ఏదో పెద్దదే చేయబోతున్నాడురా” అంటారు.

తెరుచుకోని ఫైలు వస్తే ఆయన ఆటోక్యాడ్ జోలికే పోరు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తారు. తెరనిండా పిచ్చిగీతలు, అర్థంకాని గుర్తులు. ఆయన చూసేది మొదటి ఆరు అక్షరాలే. ‘ఏసీ1015’ అంటే 2000 కాలంది, ‘ఏసీ1032’ అంటే 2018 తర్వాతది. నాడి పట్టిన ఆచారిలా కళ్లు అరమూసి “ఇది 2013రా అబ్బాయ్” అంటారు. అప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి, ఆఫీసు కరెంటు బిల్లు సగం తగ్గుతుంది.

కుర్రాళ్ల గోడు వేరు. 2004 నుంచి ఫైలు లోపల సర్దుకుని చిన్నదవుతుంది. 2000లోకి దించగానే మళ్లీ ఉబ్బుతుంది. మెయిల్లో హాయిగా వెళ్లాల్సింది 25 ఎంబీ గీత దగ్గర ఆగిపోతుంది. ఏరి ఏరి వేసిన రంగులు పాత 255 రంగుల్లో దగ్గరదాన్ని వెతుక్కుని సర్దుకుంటాయి. లాగితే సాగే తలుపు బొమ్మ అవతల తెరిచినవాడికి మామూలు తలుపై కూర్చుంటుంది. వాళ్లు రహస్యంగా ఆప్షన్స్‌లో 2018 పెట్టుకుంటారు. ఆయన టీ టైములో తిరిగి 2000 పెట్టేస్తారు.

ఆయన కీర్తికి మచ్చ తెచ్చింది నెమలి. ఒకాయన గేటు మీద పురివిప్పిన నెమలి కావాలన్నారు. ఆటోనగర్‌లో లేజర్ కటింగు కుర్రాడు ఫోన్ చేసి, మా మెషీన్‌కి ఆర్12 డీఎక్స్‌ఎఫ్ ఇవ్వండి అన్నాడు. ఆర్12 అంటే 1992 నాటిది. రెండువేల కన్నా పాతది అడిగినవాణ్ని చూసి ఆయన పులకించిపోయారు, పంపేశారు. ఆర్12కి స్ప్లైన్ అనే వంపుగీత తెలియదు, అది తర్వాత పుట్టింది. అందుకని ప్రతి వంపునీ పొట్టిపొట్టి తిన్నని ముక్కలుగా విరిచేసింది. మెడ నుంచి ఈకల దాకా అంచులు తేలిన నెమలి గేటెక్కింది.

“ఇది నెమలేనా అండీ?” అంది ఇంటావిడ.

“కాస్త దూరం నుంచి చూడండమ్మా.”

ఆవిడ ఎదురింటి అరుగు దాకా వెళ్లి చూసొచ్చింది. ఆ రాత్రి ఆయన కూర్చుని నెమలి మొత్తాన్నీ ఆర్కులతో గీశారు. ఆర్కులు ఆర్12కి తెలుసు.

ఇంట్లోనూ ఇదే వరస. మనవడి అన్నప్రాసన పిలుపు పీడీఎఫ్‌గా, ఫొటోగా, అచ్చు కార్డుగా వెళుతుంది. ఆ పైన ఫోన్ చేసి నోటితోనూ చెబుతారు, ఎవరి దగ్గర ఏది తెరుచుకుంటుందో ఎవరు చూడొచ్చారు! నవ్వుతాం గానీ, మనమంతా మన దగ్గరున్నది పంపుతాం, ఆయన అవతలివాడు తెరవగలిగింది పంపుతారు. అలాంటివాళ్లు ఆఫీసుకొకరు ఉండబట్టే స్లాబులు పడుతున్నాయి.

ఈమధ్య ఆఫీసులో రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. కుర్రాడు గోడలు లేపి, కిటికీలు తెరిచి, మేడ చుట్టూ తిప్పి చూపించాడు. ఆయన అంతా విని మౌస్ అందుకుని సేవ్ యాజ్ నొక్కారు. పాత వెర్షన్ల వరస కోసం అటూ ఇటూ వెతికారు.

“అది ఉండదు సార్. రెవిట్‌లో వెనక్కి సేవ్ చేయడం కుదరదు.”

“మరి అవతలివాడి దగ్గర పాతది ఉంటే?”

“వాళ్లూ ఇదే వెర్షన్ వేసుకోవాలి సార్.”

“వాళ్లు వేసుకోవాలా!” ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. కుర్రాడు జాలిపడి, ఆటోక్యాడ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చని చూపించాడు. అందులో 2018 ఉంది, 2013 ఉంది, 2010 ఉంది, అడుగున 2007 ఉంది.

“2007లో ఇవ్వరా నాన్నా” అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “మిగతా ఏడేళ్లూ నేను దించుకుంటాను.”