కొత్త కాటా

మా పెనుగొలను చేలో మిరప కోతలకి ఖమ్మం జిల్లా వైపు నుంచి ముఠా దిగింది. పదకొండు మంది ఆడవాళ్ళు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, తలలకి తువ్వాళ్ళు. కూలి కిలో లెక్కన. సాయంత్రం వేపకొమ్మకి వేలాడే స్ప్రింగు కాటాకి బస్తాలు తగిలించి, మొత్తం ఎంత తూగితే అంతకి డబ్బు లెక్కేసి మేస్త్రమ్మ చేతిలో పెట్టేవాడు నాన్న. ఆవిడ దాన్ని పదకొండు సమాన భాగాలు చేసేది.

నాకది మింగుడు పడలేదు. హైదరాబాదులో ఎవరెంత పని చేశారో పట్టికలు కట్టడమే నా ఉద్యోగం. సంక్రాంతికొచ్చి, ఇంటి నుంచే పని కదా అని ఉండిపోయాను. ముఠాలో ఒక అవ్వ ఉంది. సాలు సగమైనా కాకముందే గట్టు మీద కూలబడేది. ఒళ్ళో ఎవరిదో చంటిపిల్ల, ముందు కాయల రాశి. అందులో తాలుకాయలు, ఆకులు ఏరి పారేస్తూ కూర్చునేది. ఆమెకీ అదే వాటా!

"ఎవరెంత కోశారో తెలియొద్దా మేస్త్రమ్మా?" అన్నాను.

"మాకు తెలుసు బాబూ," అంది. "అవ్వ తాలు ఏరకపోతే గుంటూరు యార్డులో ధర తెగ్గోసేది మీ నాన్నగారికే."

మాట దాటేస్తోందనుకున్నాను. తిరువూరు వెళ్ళి ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కొచ్చాను. తూనికలు కొలతల శాఖ ముద్ర చూపించి, ఏటా మళ్ళీ వేయించుకోవాలని మరీ మరీ చెప్పాడు కొట్టతను. నాన్నకి మాత్రం నచ్చలేదు. "ఉన్నది లక్షణంగా ఉందిగా, ఎందుకురా దండగ?" అన్నాడు.

మర్నాటి నుంచి ఎవరి బస్తా వాళ్ళదే. పేరు పేరునా ఫోన్లో ఎక్కించాను. కాటా మార్చక ముందు రోజు మొత్తం 412 కిలోలు. మార్చిన రోజు 463. ఆ మర్నాడు 459. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

శనివారం కూలి ఇచ్చేటప్పుడు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అమెరికాలో చికాగో దగ్గర హాతోర్న్ అనే కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు చేశారనీ, దీపాల వెలుగు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగిందనీ, ఎవరో గమనిస్తున్నారన్న స్పృహే మనిషిని పరిగెత్తిస్తుందనీ చెప్పాను. (ఆ లెక్కల్ని తరవాతి వాళ్ళు తప్పుపట్టిన సంగతి మింగేశాను.) ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్నకి ఉన్నట్టుండి మోటారు కట్టేయడం గుర్తొచ్చి అటు వెళ్ళిపోయాడు.

మేస్త్రమ్మ నా పట్టిక వైపు చూడనైనా చూడలేదు. నేను విడివిడిగా ఇచ్చిన నోట్లన్నీ ఒడిలో కలిపేసుకుని, ఎప్పట్లాగే పదకొండు భాగాలు వేయడం మొదలుపెట్టింది. మొదటిది అవ్వ చేతిలో పెట్టింది.

"ఇంత పని పెరిగాక కూడా ఇదేనా?" అన్నాను, ఉక్రోషంగా.

"పనేం పెరగలేదు బాబూ. ఎప్పుడూ కోసినంతే కోశాం," అంది, నోట్లు లెక్కపెడుతూనే. "మీ తాతగారి కాటా బస్తాకి నాలుగైదు కిలోలు మింగేది. మాకు తెలుసు."