చార్జి అప్పగించకుండా వెళ్లిన బ్రౌజర్ గురించి

గౌరవనీయులైన కంప్యూటర్ విభాగాధిపతి గారి సముఖమునకు,

విషయం: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పదవీ విరమణ – చార్జి అప్పగింత నేటికీ జరగకపోవడం – గురించి.

ఆర్యా,

1995 ఆగస్టులో కొలువులో చేరి, 2000 దశకం తొలి ఏళ్లలో వెబ్ వాడకంలో పదింట తొమ్మిది వంతులకు పైగా తన చేతి మీదుగా నడిపించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న విరమణ పొందిందనీ, 2023 ఫిబ్రవరి 14న వచ్చిన, దాని వారసుడైన ఎడ్జ్ బ్రౌజర్ అప్‌డేట్‌తో చాలా విండోస్ 10 యంత్రాల్లో తెరుచుకోవడమే మానేసిందనీ తమ విభాగానికి తెలియనిది కాదు. మైక్రోసాఫ్ట్ ఈ సంగతిని 2021 మే నెలలోనే ప్రకటించింది కనుక, ఏడాదికి పైగా నోటీసు ఇచ్చి మరీ వెళ్లిన ఉద్యోగి అది. అయినా దాని బల్ల సొరుగుల్లో ఏమున్నదీ ఎవరూ లెక్క చూడలేదన్నదే ఈ లేఖలోని ఫిర్యాదు.

ఆ సొరుగుల్లో అన్నిటికన్నా బరువైనది యాక్టివ్‌ఎక్స్. వెబ్ పేజీ తెరిచినవారి కంప్యూటర్‌లోకే ఒక చిన్న ప్రోగ్రామును దింపి, అక్కడి ఫైళ్లనూ పరికరాలనూ నేరుగా వాడుకోనిచ్చే ఈ ఏర్పాటు 1996లో వచ్చింది; వ్యాపార సంస్థలకు అది వరమైనట్టే, ఇతరుల యంత్రాల్లోకి చొరబడేవారికీ వరమైంది. దక్షిణ కొరియాలో బ్యాంకు లావాదేవీలకూ ప్రభుత్వ పనులకూ కావలసిన అధికారిక ధ్రువపత్రాలు ఈ యాక్టివ్‌ఎక్స్ మీదనే ఆధారపడటంతో ఒక దేశం దేశమే ఒక బ్రౌజర్‌కు కట్టుబడిపోయింది; ఆ ధ్రువపత్రాలకు చట్టం ఇచ్చిన ప్రత్యేక హోదా 2020 డిసెంబరులో గానీ పోలేదు. 2022లో అక్కడి గ్యోంగ్జు నగరంలో ఒక ఇంజనీరు ఈ బ్రౌజర్‌కు సమాధి రాయి పెట్టించడం ప్రపంచానికి హాస్యంగా తోచింది గానీ, స్థానికులకు అందులో ఊరట పాలే ఎక్కువై ఉండాలి. డిజిటల్ సంతకపు టోకెన్ పనిచేయాలంటే ఫలానా బ్రౌజరూ ఫలానా జావా వెర్షనూ ఉండి తీరాలన్న షరతుల మధ్య ఈ-టెండర్లు వేసిన తెలుగు కాంట్రాక్టర్లకూ ఈ బాధ కొత్తదేమీ కాదు.

తమ విభాగం ఐఈ మోడ్‌ను చూపించి నిశ్చింతగా ఉన్నట్టు వినికిడి. సంస్థ తయారుచేసుకున్న జాబితాకెక్కిన సైట్లను ఎడ్జ్ కిటికీలోనే పాత ట్రైడెంట్ ఇంజనుతో, అంటే పేజీ కోడును తెర మీది రూపంగా మార్చే భాగంతో, తెరిచే సౌకర్యమే ఐఈ మోడ్. కనీసం 2029 వరకు దానికి మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది సర్వీసు పొడిగింపే తప్ప కొత్త నియామకం కాదు. పైగా సిబ్బంది ఎవరికి వారు ఏదైనా పేజీని ఆ మోడ్‌లో తెరిచేలా నమోదు చేసుకుంటే, ఆ అనుమతి 30 రోజులకే ముగిసిపోతుంది కాబట్టి, నెల తిరిగేసరికి అదే ఫిర్యాదు అదే బల్ల మీదికి వస్తుంది.

జాబితా తయారీలోనే అసలు చిక్కంతా ఉంది. వారం రోజులపాటు ఎవరు ఏ పేజీ తెరిచారో నమోదు చేసి, అదే సమగ్రమనుకుంటే, మార్చి నెలాఖరున లెక్కలు ముగించేటప్పుడు మాత్రమే తెరిచే పేజీ అందులోకి ఎక్కదు. అది ఆగిపోయేది సరిగ్గా మార్చి 31న. అందుకే యంత్రాల రికార్డులతో సరిపెట్టక, లెక్కలు, కొనుగోళ్లు, జీతాల విభాగాల గుమాస్తాలను కూర్చోబెట్టి, ఏడాది పొడవునా ఏ తేదీకి ఏ పని పడుతుందో అడిగి రాసుకోవాలి. లాగిన్ పేజీలది ఇంకో తంటా: పాత ఇంజనులో మొదలైన పని, గుర్తింపు కోసం ఉమ్మడి లాగిన్ సర్వర్‌కు వెళ్లేసరికి కొత్త ఇంజనులోకి మారిపోతే, సైన్ ఇన్ పూర్తికాక వాడుకరి గుమ్మంలోనే తిరుగుతుంటాడు. అటువంటి సర్వర్లను జాబితాలో తటస్థమైనవిగా గుర్తిస్తే అవి ఏ ఇంజనులోంచి పిలుపు వస్తే అందులోనే ఉండిపోతాయి. ఈ ఒక్క గుర్తు పెట్టకపోవడం వల్ల పాస్‌వర్డు మరిచిపోయారన్న నింద మోసిన ఉద్యోగులు తమ సంస్థలో ఎందరున్నారో విచారించవలసిన విషయమే.

కావున జాబితాలోని ప్రతి సైటుకూ ఎదురుగా ఒక బాధ్యుడి పేరు, దాన్ని తిరగరాసి జాబితా నుంచి తొలగించే తేదీ, 2029 కన్నా ముందుదై ఉండేలా, చేర్చవలసిందిగా విన్నపం. బాధ్యుడెవరూ దొరకని సైట్లను ముందుగా చేపట్టడం మంచిది, ఏమంటే వాటి గురించి తెలిసినవారు బ్రౌజర్‌కన్నా ముందే విరమించి ఉంటారు.

చిత్తగించవలెను.

నకలు: హాజరు పోర్టల్‌ను తయారుచేసి ఇచ్చి, ప్రస్తుతం ఏ చిరునామాలో ఉన్నదీ తెలియని కాంట్రాక్టు సంస్థకు, చిరునామా దొరికిన పక్షంలో.