గ్యాసు బాబాయి

పల్నాడులో రామాలయం లేని ఊరు ఉంటే ఉండొచ్చు, ఆరెంపీ డాక్టరు లేని ఊరు కూడా ఉండొచ్చు. గ్యాసు బాబాయి లేని ఊరు మాత్రం లేదు. మన బాబాయి నరసరావుపేట మల్లమ్మ సెంటరు చుట్టుపక్కల దొరుకుతాడు. మాచర్లలో కావాలంటే అక్కడా ఒకడున్నాడు, గురజాలలో వాడి మేనత్త కొడుకున్నాడు. యాభై దాటిన మనిషి, రెండెకరాల మిరప, ఎకరం పత్తి, మెడలో తువ్వాలు. చొక్కా జేబులో ఫోను, దాని వెనక గులాబీరంగు బిళ్లల అట్ట. ఫోను మర్చిపోయి బయల్దేరిన రోజులున్నాయి గానీ, అట్ట మర్చిపోయి గడప దాటింది లేదు.

బాబాయి వైద్యశాస్త్రం చాలా చిన్నది. "ఒంట్లో ఉండేయి రెండే అబ్బాయ్. ఒకటి నెత్తురు, రెండోది గ్యాసు." నడుం పట్టేస్తే గ్యాసు కిందికి దిగింది. తల పగిలిపోతుంటే గ్యాసు పైకెక్కింది. మోకాలు నొస్తే పాపం దారి తప్పింది. షుగరు చూపించుకోమంటే, గ్యాసు ముదిరితే షుగరవుతుందని మనకే పాఠం చెబుతాడు.

సాయంత్రం మూకుడులో నూనె కాగేసరికి బజ్జీల బండి దగ్గరుంటాడు. మిరపకాయ చీల్చి లోపల వాము, చింతపండు కూరుతారు కదా, బాబాయి వాదమంతా ఆ వాము మీదే నిలబడి ఉంది.

"వాము గ్యాసుకు మందా కాదా?"

"మందే బాబాయ్."

"మరి మందు లోపలే పెట్టి ఇస్తంటే తినకపోవడానికి నాకేం తెగులు?"

నాలుగు తిని, పైన గోలీసోడా కొట్టించుకుని, స్టేషను దాకా వినపడేలా ఒక తేన్పు తేన్చి, "చూశావా, పోయింది" అంటాడు. పోయింది సోడాలో గాలి. దాని వెనకే పులుపు గొంతు దాకా వస్తుంది. అది కూడా పోవడం కిందే లెక్క ఆయనకు.

డాక్టరు ఎప్పుడో పాంటాప్రజోల్ రాసిచ్చాడు. 1988లో ఒమెప్రజోల్ అమ్మకానికి రావడంతో మొదలైన వంశం అది. పరగడుపున, తిండికి అరగంట ముందు వేసుకోవాలి. కడుపులో ఆమ్లం తోడే పంపులు తిండి పడగానే పనిలోకి దిగుతాయి కాబట్టి, ఆ లోపే మందు అక్కడికి చేరి కాపు కాయాలి. బాబాయి దాన్ని తిన్న తర్వాత వేస్తాడు, అదీ కోడికూర తిన్న రోజే. "పప్పన్నం తిన్న రోజు మందెందుకు, దండగ!" ఆయన దృష్టిలో బిళ్ల జబ్బుకు మందు కాదు, కూరకు లైసెన్సు.

నిజానికి పల్నాటి నేలది కూడా ఇదే వరస. పైన మిరప, కింద సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాలేదీ, సిమెంటు ఫ్యాక్టరీలు పిండి చేసేదీ, మన వసారాల్లో నాపరాయిగా పరిచేదీ చాలామటుకు కాల్షియం కార్బొనేటే. కడుపులో మంటకు అమ్మే బిళ్లలు కొన్నిట్లో ఉండేదీ అదే. ఈ సంగతి ఏ కాలేజీ కుర్రాడో బాబాయి చెవిన వేశాడు. ఇక పట్టపగ్గాల్లేవు. "దేవుడేమన్నా అమాయకుడా? మిరపకాయ ఇచ్చినోడు దాని కిందనే బిళ్ల కూడా పెట్టాడు." నాపరాయి నాకడం మొదలెట్టలేదు, అంతవరకు పిన్ని అదృష్టం.

ఒక్క సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాలి. పక్కింటాయనకు అర్ధరాత్రి ఛాతీ బరువెక్కి, ఎడమ చెయ్యి లాగి, చెమటలు పోస్తే బాబాయి ఈనో కలిపి పట్టుకెళ్లాడు. ఆ ఇంటి కోడలు గ్లాసు పక్కన పెట్టి 108కి ఫోన్ చేసింది కాబట్టి మనిషి దక్కాడు. మంటతో పాటు పులితేన్పులుంటే కడుపుదే కావచ్చు. చెమట, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే తేల్చాల్సింది ఈసీజీ, బాబాయి కాదు. ఆయన మాత్రం స్టెంటు వేయించుకున్నవాణ్ణి పలకరించి వస్తూ, "గ్యాసు వల్లే పూడుకుపోయుంటది" అని మెట్లమీద తీర్పు చెప్పాడు.

అంతటి బాబాయికి ముద్ద దిగడం మానేసింది. మొదట జొన్నరొట్టె, ఆ తర్వాత కోడి ముక్క. గొంతు దాటినట్టే దాటి రొమ్ము మధ్య ఆగిపోయేది. నీళ్లు తాగి, లేచి, వసారాలో నాలుగడుగులు వేస్తే గానీ కదిలేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే జబ్బు కూడా కాదు మరి. పల్నాడులో తిండి మింగడం మగతనం కింద జమ. శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువొకటి ఉంది: పూతన దగ్గర విషం తాగి, కార్చిచ్చు మింగిన కృష్ణుణ్ణే, చేతనైతే బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమంటుంది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని బాబాయి ఆ కథ చెప్పి, "కృష్ణుడికే సవాలైనదాన్ని మూడు పూటలా మింగుతన్నా" అని మీసం దువ్వేవాడు. ఆ మీసం కింది నోటితో "నాకు దిగట్లేదు" అని ఎట్టా చెబుతాడు?

అందుకని పొలమారిందనేవాడు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నట్టు కదా. రొట్టె ఆగితే హైదరాబాదులో ఉన్న కూతురు తలుచుకుంది. ముక్క ఆగితే వినుకొండ బావమరిది. ఆఖరికి పెరుగన్నం ఆగినప్పుడు, అప్పిచ్చిన పురుగుమందుల కొట్టాయన. పిన్ని చాలా రోజులు ఊరుకుంది.

"ఏందయ్యా, పూటకి ఇంతమంది తలుచుకోడానికి నువ్వేమన్నా ఎమ్మెల్యేవా? లుంగీ నడుమున నిలవట్లా. లెగు, ఆస్పత్రికి పోదాం."

ఏ డాక్టరైనా పిన్ని పక్షమే. ముద్ద అడ్డుపడటం, ఊరికే బరువు తగ్గడం, నెత్తుటి వాంతి, తారులాంటి విరేచనం కనపడితే బిళ్లలతో కాలక్షేపం కుదరదు, ఎండోస్కోపీ చెయ్యాల్సిందే. ఇన్నేళ్లు బజ్జీల్ని అలవోకగా మింగిన గొంతు చిటికెనవేలంత పైపును చూసి వణికింది. సంతకం పెట్టమంటే ఎక్కడ పెట్టాలో రెండుసార్లు అడిగాడు. ఆ ఒక్క రోజూ బాబాయి గ్యాసు పేరెత్తలేదు.

లోపల ఉన్నది పాత మచ్చ. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్ని, అన్నవాహిక కింది భాగం పుండై, మాని, మళ్లీ పుండై, చివరికి బిగుసుకుపోయింది. ముక్క తీసి పరీక్షకు పంపితే చెడ్డదేం కాదని వచ్చింది. బెలూను పెట్టి వెడల్పు చేసి, షరతులు రాసిచ్చారు. బిళ్ల రోజూ పరగడుపునే. రాత్రి తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు. చుట్ట బందు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి. దిండ్లు పేర్చుకుంటే చాలదా అని బాబాయి బేరం పెట్టాడు. చాలదు, నడుం దగ్గర మడతపడి పొట్టే నొక్కుకుంటుందన్నారు.

ఇటుకల సంగతి పిన్ని చూసుకుంది. తెల్లారేసరికి బాబాయి కాళ్లవైపుకు జారి పట్టె మీద ముడుచుకుని ఉంటే, పాలవాడు ఎవరో చుట్టాలబ్బాయి అనుకున్నాడట. పల్నాటి యుద్ధానికి నిప్పు కోడిపందెం దగ్గర రాజుకుందంటారు; ఈ ఇంట్లో మాత్రం కోడికూర దగ్గర రోజూ రాజుకుంటోంది. పిన్ని ముక్కలు గోరంత కోసి, మెత్తగా ఉడికించి, కారం సగం తగ్గించి వడ్డిస్తే, "ఇది కూరా, కందిపొడా?" అంటాడు. అంటూనే నమిలి నమిలి తింటాడు. నమలడం ఆయనకు ఈ వయసులో కొత్త విద్య.

మనిషి మారాడా అంటే, శాస్త్రం మారింది. గ్యాసు పాతబడిపోయింది, ఇప్పుడంతా గొట్టమే. టీకొట్టు దగ్గర ఎవడు దగ్గినా గొట్టం సన్నబడింది. మోపెడ్ స్టార్టు కాకపోయినా అదే రోగం. మొన్న సాగరు కుడికాలువ చివరి చేలకు నీళ్లందడం లేదని రైతులు ఇంజనీరును చుట్టుముట్టారు. ఆయన వంతుల లెక్క ఏదో చెప్పబోతుంటే బాబాయి జనాన్ని తోసుకుని ముందుకెళ్లాడు.

"అట్టా కాదు సారూ, ముందు పైనుంచి ఓ కెమెరా పంపించండి. ఎక్కడ బిగుసుకుందో తెలుస్తది. అక్కడ బెలూను పెట్టండి. పరగడుపున మాత్రం రమ్మనండి కాలువను."