ఆటోపే చూసుకుంటుందిలే!

మా తెనాలిలో అప్పు లేనివాడు పెద్దమనిషి. ఇక్కడ డాలస్‌లో అప్పు చేసి, గడువులోగా తీర్చి, మళ్లీ చేసేవాడు పెద్దమనిషి. ఆ పెద్దరికాన్ని క్రెడిట్ స్కోరు పేరుతో 300 నుంచి 850 దాకా మార్కులేసి మరీ కొలుస్తారు. ఇల్లు అద్దెకు అడిగినా, కారు కొనబోయినా ముందు చూసేది ఆ మార్కులే. అందుకే కొత్తగా దిగిన తెలుగువాడికి ముందొచ్చినవాళ్లు చేసే ఉపదేశం ఒకటే: ‘‘కార్డు తీసుకో, ఆటోపే పెట్టెయ్, ఇక మర్చిపో.’’

ఆ చివరి సలహాను మా బావగారు తు.చ. తప్పకుండా పాటించారు.

ఆటోపే పెట్టేటప్పుడు నెలనెలా ఎంత కట్టమంటారని బ్యాంకు అడుగుతుంది. బిల్లు మొత్తమా, మీరు చెప్పిన అంకా, మినిమమా? బావగారు మినిమమ్ మీద నొక్కారు. పెళ్లి భోజనాల్లో తప్ప ఎక్కడా మ్యాగ్జిమమ్ జోలికి పోని మనిషాయన. ‘మీ పేమెంట్ అందింది, థాంక్యూ’ అని ఠంచనుగా మెయిలొస్తుంటే బాకీ తీరిపోతోందనే అనుకున్నారు. మినిమమ్ కడితే లేటు ఫీజు పడదన్నది నిజమే. మిగిలిన బాకీ మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా కొత్తగా కొన్న వంకాయల మీద కూడా కొన్ననాటి నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇందులో రహస్యమేమీ లేదు. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ ఎన్నేళ్లకు తీరుతుందో బిల్లు మీదే అచ్చెయ్యాలని 2009లోనే ఇక్కడ చట్టం చేశారు. ఓ ఆదివారం మా అక్క ఆ గడి చదివింది. ఇప్పుడు కిండర్‌గార్టెన్‌లో ఉన్న మా మేనల్లుడు కాలేజీ చదువు పూర్తి చేసేనాటికి ఆ కార్డు మీద కొన్న సోఫా సెట్టు బాకీ తీరుతుందని తేలింది. ‘‘అప్పటిదాకా సోఫా ఉంటుందంటారా?’’ అని అడిగింది. బావగారు ఆ సోఫాలోనే పడుకుని ఉండడం వల్ల జవాబు చెప్పలేదు.

అదే బిల్లులో జిమ్ము కూడా బయటపడింది. ఇల్లు మారకముందు చేరిన జిమ్ము. ‘‘మానేస్తానంటే స్వయంగా వచ్చి సంతకం పెట్టమన్నారు. అంత శ్రమ ఎవరు పడతారు?’’ అన్నారు బావగారు.

అమెరికా ఆటోపే తీరు అది. ఒకసారి తలూపితే చాలు, మళ్లీ మన మొహం చూడదు. ఇండియా ఆటోపే అలా కాదు, తలూపాక కూడా అడుగుతూనే ఉంటుంది.

నాకో ఇండియా కార్డుంది. నాన్న మందులు, ఇంటి కరెంటు బిల్లు, అమ్మ సినిమాలు చూసుకునే ఓటీటీ అన్నీ దాని మీదే. ఆ బిల్లు ఇండియాలో ప్రవాసులకిచ్చే నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోంచి దానంతటదే పోవాలని నా కోరిక. కార్డుల మీద, యూపీఐ మీద ఇలా నెలనెలా కోసుకునే సొమ్ముకు 24 గంటల ముందే కబురు పెట్టాలని, పరిమితి దాటితే ఓటీపీ అడగాలని 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు పట్టుబట్టి అమలు చేయిస్తోంది. మామూలు చెల్లింపులకు పరిమితి 15 వేలు. కార్డు బిల్లులకు 2023 డిసెంబరులో లక్షకు పెంచారు. రూలు మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, ఆ కబుర్లూ ఓటీపీలూ చేరేది నా ఇండియా సిమ్ముకు. ఆ సిమ్ము ఉన్నది తెనాలిలో, మా నాన్న బీరువాలో.

దాన్ని ఓ డబ్బా ఫోన్లో వేసి, ఊడిపోకుండా రబ్బరుబ్యాండు చుట్టి, ఇంటి దస్తావేజుల పక్కన భద్రపరిచారు. 28 రోజుల రీచార్జి 27వ రోజే చేయిస్తారు. రిటైరైన లెక్కల మాస్టారు మరి.

ఆటోపే మొదలుపెట్టాలన్నా ఓటీపీ తప్పదు. నాకు లంచ్ టైమయ్యేసరికి తెనాలిలో అర్ధరాత్రి.

‘‘ఓటీపీ వచ్చిందా నాన్నా?’’

‘‘వచ్చింది. కళ్లజోడేదీ...’’

కళ్లజోడు దొరికేసరికి ఓటీపీ గడువు తీరిపోయింది. మళ్లీ తెప్పించాను. ఈసారి మెసేజంతా మొదట్నుంచి చదివారు.

‘‘ఇది ఎవరికీ చెప్పవద్దని రాశారురా.’’

‘‘నాకు చెప్పొచ్చు నాన్నా. డబ్బు నాదే.’’

‘‘అడిగేవాళ్లంతా ముందు ఆ మాటే అంటారని టీవీలో రోజూ చెబుతున్నారు. నువ్వు నువ్వేనని ఏమిటి నమ్మకం?’’

‘‘నా గొంతు తెలీదా?’’

‘‘ఇప్పుడు గొంతులు కూడా తయారు చేస్తున్నారట. టెన్త్‌లో లెక్కల్లో నీకెన్ని మార్కులొచ్చాయో చెప్పు.’’

చెప్పాను. అలాంటి మార్కులు మోసగాడు కూడా తనవని చెప్పుకోడని తేల్చుకుని, ఆరంకెలూ చదివారు.

‘‘ఇక ప్రతినెలా అదే కట్టేస్తుంది నాన్నా.’’

‘‘రసీదెవరిస్తారు?’’

రసీదు ఇచ్చే దిక్కు లేకపోవడంతో ఆయనే ఓ లాంగ్‌బుక్ పెట్టారు. వచ్చిన ప్రతి మెసేజీ తేదీతో, పైసలతో సహా అందులో ఎక్కుతుంది. ఓ నెల ఫోన్ చేసి, ‘‘మీ అమ్మ సినిమాల వాళ్లు ఒకే నెలకు రెండుసార్లు కోశారు, అడుగు’’ అన్నారు. అడిగాను. డబ్బు వెనక్కొచ్చింది. ఆటోపే మీదే వదిలేసి ఉంటే రెండుసార్లూ మారు మాట్లాడకుండా కట్టేసి ఊరుకునేది.

అమెరికా సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఐలు యూపీఐ వాడుకోవచ్చని 2023లో ప్రకటించారు. ఓటీపీలు విదేశీ నంబరుకు పంపే బ్యాంకులూ ఉన్నాయి. ‘‘పాపం, ఆయన నిద్ర పాడు చేయడమెందుకు, నంబరు మార్చేయండి’’ అంటుంది మా ఆవిడ. నేను మార్చను. నా అమెరికా బిల్లులను ఇంత శ్రద్ధగా చూసే నాథుడు ఈ దేశంలో ఎవరున్నారు?

కాబట్టి ఆటోపే నిక్షేపంగా పెట్టుకోండి. మినిమమ్ కాదు, బిల్లు మొత్తం కట్టమని చెప్పండి. ఖాతాలో డబ్బుంచండి. నెలకోసారి బిల్లు తెరిచి పైనుంచి కిందిదాకా చదవండి. అంత ఓపిక లేదంటారా, రిటైరైన లెక్కల మాస్టారినెవరినైనా వెతుక్కోండి.