పాత సానరాయికి కొత్త పేరు

అనంతపురం గుజిరీలో పాత ఇనుము నడుమ అరచేతి పొడవు రాయొకటి కంటబడుతుంది. మధ్యలో గుంట, అంచున నూనె మరక, అడుగున చిరిగిన కాగితం ముక్క. క్షవరం కత్తి నూరే రాయని అంగడాయన అంటాడు. దాన్ని మన ఊరు బుక్కరాయసముద్రం తెచ్చుకుని, ఏం రాయో తేల్చే పద్ధతి ఇదిగో. ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగొద్దు. ఏదో పాత క్షౌరశాల మూసేసినప్పుడు పొదితో సహా వచ్చిందని ఆయన చెప్పేస్తే మనకిక పనేముంది?

మొదట ఆ కాగితం ముక్క గీకి పారేయండి. దానిమీద గని పేరో, కంపెనీ ముద్రో ఉండే ప్రమాదముంది. నూనె మరకనూ సోడా నీళ్లతో తోమి వదిలించండి. పాతాయన నీళ్లతో నూరాడో నూనెతో నూరాడో చెప్పే సాక్ష్యం ఇంట్లో ఎందుకు?

ఆ తర్వాత యాసిడ్. పిరికివాళ్లు ఒక మూల కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేసి చూస్తారు. మీరు బాత్‌రూం కడిగే సీసా మొత్తం వంచండి. బుసబుసా నురగ వస్తే రాయిలో చేవ ఉందని చాటండి. తాడిపత్రి నాపరాయి కూడా అలాగే పొంగుతుందనీ, అది సున్నపురాయనీ, గట్టిదనం చెప్పే మోస్ కొలతలో 3 దగ్గరుండే రాయి 6 దాటిన ఉక్కును కోయలేదనీ ఎవరైనా అంటే వాళ్లతో మాటలు మానేయండి.

అసలు శాస్త్రమంతా రంగులో ఉంది. పసుపైతే బెల్జియం కోటిక్యూల్, తెలుపైతే అమెరికా ఆర్కన్సా, బూడిద రంగైతే జర్మనీ తురింగియా. కోటిక్యూల్‌లో ఉక్కును కోసేది రంగు కాదు, కంటికి ఆనని గార్నెట్ రేణువులు. కానీ రేణువులు చూడాలంటే భూతద్దం కావాలి, రంగుకు కళ్లుంటే చాలు. రాయి ఒకవైపు గరుకుగా, ఒకవైపు నున్నగా, మధ్యలో అతుకు గీతతో ఉంటే మరీ మంచిది. కోటిక్యూల్‌కు కూడా అడుగున వేరే రాయి అతికి ఉంటుంది కదా! 1891లో అమెరికాలో అచెసన్ కనిపెట్టిన సిలికాన్ కార్బైడ్‌తో ఫ్యాక్టరీలు ఇలాంటి రెండు ముఖాల రాళ్లే చేస్తాయని, మద్రాసులో 1954 నుంచీ అలాంటి సరుకు చేసే కార్బొరండం యూనివర్సల్ కంపెనీ ఉందని గుర్తుచేసేవాళ్లు మీ సంతోషం చూడలేనివాళ్లు.

"మార్కాపురం పలకలా ఉందే" అన్నవాడి మీద కోపం తెచ్చుకోండి. తురింగియా రాయి కూడా సన్నటి పలకరాయి జాతేనన్న సంగతి ఇక్కడికి అనవసరం. పలక రూపాయల్లో, తురింగియా యూరోల్లో. మన జిల్లాలోనే కురువిందం దొరుకుతుంది, మోస్ కొలతలో 9, వజ్రం తర్వాతిది. దాని పొడిని లక్కలో కలిపి సానచక్రాలు పోసేవాళ్లు. ఊరిపేరున్న సరుకు గనక దాన్నీ లెక్కలోంచి తీసేయండి.

తడిపి రుద్ది, వచ్చిన బురద రంగు చూడమని కొందరంటారు. లేతగా పాలలా వచ్చిందా, నల్లగా ఉక్కు రంగు తిరిగిందా, ఎంతసేపట్లో తిరిగింది అని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే జిల్లాలో రాయికి నీళ్లా?

నడుమ గుంటను గరుకు కాగితంతో చదును చేయకండి, అది పాతదనానికి ముద్ర. కత్తి వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి నూరాలన్నది క్షురకుల పట్టింపు. మీరు వెన్నెత్తి కొడవలి నూరినట్టు నూరండి. అంచు పోతే రాయి మరీ గట్టిదని అర్థం. రాయి గట్టిగా ఉంటే చాలు, రేణువు ఎంత సన్నమన్నది చూడక్కర్లేదు. ఆ లెక్కన మన చెరువు కట్ట గుండ్రాళ్లూ పనికొస్తాయి.

ఊళ్లో పెద్దవయసు క్షురకుడికి మాత్రం చూపించకండి. ఆయన గోటితో గీకి, తడిపి, రెండు వరసలు నూరి, తోలుమీద ఆడించి, "పేరెందుకప్పా, తెగుతాదా లేదా చూడు" అనేస్తాడు. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లతో ఇదే చిక్కు.

చివరగా రాయికి చరిత్ర కావాలి. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో మన ఊరి చెరువు కట్టించాడని చెబుతారు గనక, రాయి ఆ కాలానిదని రాసేయండి. ఏ రాయైనా కోట్ల ఏళ్ల నాటిదే, తక్కువ చేసి చెప్పినట్టేగాని అబద్ధమాడినట్టు కాదు. పక్కనే రేణువు సన్నదనం చెప్పే నంబరొకటి, 12000 అని, కూడా వేయండి. సహజ రాళ్లకు నంబర్లుండవని అడిగేవాళ్లు కొనరు, కొనేవాళ్లు అడగరు.

గడ్డం మాత్రం బ్లేడుతో గీసుకోండి.