నూరేళ్లు మూడుసార్లు నిండాయి

నాకు నోరు లేదు, కడుపు లేదు, పేగులూ లేవు. అయినా మూడు వందల ఏళ్లు దాటి బతికే ఉన్నాను. మీ దగ్గర నూరేళ్లు నిండాయంటే పని అయిపోయినట్టే. నాకు మూడుసార్లు నిండాయి. 1724లో నిజాం-ఉల్-ముల్క్ దక్కన్‌ను చేజిక్కించుకునే నాటికే గొట్టం కట్టుకుని కూర్చున్నాను. 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడూ, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు మిర్యాలగూడ పొలాలకు చేరినప్పుడూ ఇక్కడి నుంచి కదల్లేదు.

పేరు ఎస్కార్పియా లామినేటా, సముద్రపు గొట్టపు పురుగుని. నివాసం గల్ఫ్ ఆఫ్ మెక్సికో అడుగున, కిలోమీటరుకు పైగా లోతున. చిన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి రాయికి అంటుకున్నాను. ఒంట్లో చేరిన బ్యాక్టీరియాకు వంట అప్పగించాను. బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్, అదే మీ కుళ్లిన గుడ్డు కంపు, వాటి పొయ్యిలో కట్టె. మీకది విషం. మా వంశం హిమోగ్లోబిన్ మాత్రం ఆక్సిజన్‌నూ, దాన్నీ వేర్వేరు చోట్ల పట్టుకుని మోసేస్తుంది.

పెన్‌పహాడ్‌లో ఉన్నవాళ్లకు ఇదెక్కడి గొడవ అనిపించొచ్చు. మీ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది కదా. కృష్ణ మోసిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. అందులోని ఆకూ అలమూ కుళ్లి మీథేన్ పుట్టింది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వితే మీథేన్‌ను బంధించిన మంచు, అంటే హైడ్రేట్, బయటపడింది. తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు అక్కడ మీథేన్ ఊరే చోట్లనూ, ఆ ఊట మీద బతికే జీవాల్నీ చూశారు. ఆ మీథేన్‌నూ సముద్రపు సల్ఫేట్‌నూ సూక్ష్మజీవులు వాడుకుంటే సల్ఫైడ్ వస్తుంది. ఇక్కడా అదే ఏర్పాటు.

మా చుట్టం రిఫ్టియా వేడినీటి బుగ్గల దగ్గర ఏడాదికి 85 సెంటీమీటర్లకు పైగా ఎదుగుతుంది. బుగ్గ ఆరిందా, దాని పనీ అంతే. నా ఊట చల్లనిది, నిదానం. ఇంత లోతున మమ్మల్ని కొరికేవాళ్లూ తక్కువే.

ఇంత వయసని ఎలా తెలిసిందంటారా? శాస్త్రవేత్తలు మా గొట్టాలకు నీలిరంగు పట్టించి, ఏడాది తర్వాత ఆ రంగు దాటి ఎంత పెరిగిందో కొలిచారు. పెద్దవాటిలో అది బొత్తిగా కొంచెం. ఆ లెక్క 2017లో అచ్చయింది. రంగు పడినవాటిని కొలవడానికి పైకి తీసుకుపోయారు. నా మీద రంగు పడలేదు గనుక మీతో మాట్లాడుతున్నాను.